బిడ్డ మీ ఇంటికి సంజాయిషీ కాదు

భర్త నుంచి విడిపోయి పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటున్న తల్లులు, భార్య పోయాక కూతురికి జడ వేయడం నేర్చుకున్న తండ్రులు, కూతురు కువైట్‌లో పనిచేస్తుంటే మనవణ్ణి సాకుతున్న అమ్మమ్మలు, అక్క బిడ్డను తెచ్చుకుని సొంతబిడ్డలా చూసుకుంటున్న పిన్నులు, రెండో పెళ్ళితో ఇద్దరి పిల్లల్నీ ఒక గూటికి చేర్చిన దంపతులు, పెళ్ళి ఊసు లేకుండా కలిసి బతుకుతున్నవాళ్ళు: ఈ నాలుగు మాటలూ మీకోసం. మీ ఇంట్లో 13 నుంచి 19 ఏళ్ళ మధ్య బిడ్డ ఉండి, ఆ బిడ్డ గే అనో, లెస్బియన్ అనో, ట్రాన్స్ అనో మీకు తెలిసి ఉండొచ్చు. తెలియకపోయినా మనసులో ఏదో మూల అనుమానం మెదులుతూ ఉండొచ్చు. ఏదైనా సరే, చివరిదాకా చదవండి.

ఇలాంటి సలహాలు మామూలుగా అమ్మా నాన్నా, తాతయ్యా నాయనమ్మా ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. ఆ ఇంట్లో పిల్లలు నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం భయం. నాన్న కొడతాడేమో, చదువు మాన్పించేస్తారేమో, ఇంట్లోంచి పొమ్మంటారేమో అన్న భయం. మీ ఇంట్లో ఆ భయానికి తోడు ఇంకొకటి ఉంటుంది. అది జాలి, మీ మీద జాలి. "అమ్మ ఇప్పటికే అందరిచేతా మాటలు పడింది. నా సంగతి కూడా తెలిస్తే తట్టుకుంటుందా?" అని ఆ బిడ్డ లోపల్లోపల లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. మీరు పడ్డ కష్టం దగ్గరుండి చూసిన బిడ్డ కాబట్టే మీ దగ్గర దాస్తుంది.

ఒక ఇల్లు ఊహించుకోండి. మియాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్. తల్లి, అమ్మమ్మ, ఇంటర్ చదివే కొడుకు. ఆదివారం మేనమామ భోజనానికి వచ్చాడు. పిల్లవాడు వంటింట్లో అమ్మమ్మ పక్కన నిలబడి అప్పడాలు వేయిస్తున్నాడు. మేనమామ చెల్లెలి వైపు తిరిగి, "మగదిక్కు లేని ఇల్లయిపోయింది. వీడికి మగపిల్లాడి లక్షణాలు ఎవరు నేర్పుతారు? సెలవుల్లో నా దగ్గరికి పంపు" అన్నాడు. తల్లి ముఖం మాడిపోయింది. అయినా సర్దుకుని, "వాడికేంటన్నయ్యా, క్లాసులో ఫస్టు. నా కొడుకు బంగారం" అంది.

ఆ పిల్లవాడు రెండు మాటలూ విన్నాడు. మేనమామ మాట గుచ్చుకుంది. కానీ ఆ పూట అతని నోరు మూయించింది అమ్మ మాటే. అమ్మ ఈ ఇంటి పరువంతా తన మీద పెట్టిందని అతనికి అర్థమైంది. తను ఫస్టు వచ్చినన్నాళ్ళూ, బంగారంగా ఉన్నన్నాళ్ళూ అమ్మ తల ఎత్తుకుని తిరగగలదు. తను ఒక్కమాట బయటపెడితే మేనమామ అన్నదే నిజమైపోతుంది. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాటను ఆ రాత్రి మింగేశాడు.

ఆ తల్లి చెడ్డగా ఏమీ అనలేదు. కొడుకును వెనకేసుకొచ్చింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే అంటారు. నలుగురిలా లేని ఇంటిని నలుగురూ ఎప్పుడూ ఒక కంట కనిపెడుతూనే ఉంటారు. ఆ ఇంటి పిల్లలు ర్యాంకు తెచ్చుకుంటే "తండ్రి లేకపోయినా ఎంత బాగా పెంచింది" అంటారు. ఏ చిన్న తేడా వచ్చినా "ఆ ఇంట్లో ఇంకేం నేర్చుకుంటారు" అంటారు. అలాంటి చోట బతుకుతూ, మీరు చేసింది తప్పు కాదని పిల్లల ద్వారా రుజువు చేసుకోవాలని అనిపించడం సహజం. కానీ ఆ రుజువు బరువు మోసేది పిల్లలు. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారని చలం "బిడ్డల శిక్షణ"లో ఏనాడో వాదించాడు. పిల్లలు మీ జీవితానికి సంజాయిషీ కూడా కారు.

అందుకని మొట్టమొదట చేయాల్సిన పని, బిడ్డ నోరు విప్పేదాకా ఆగకుండా, ఆ బరువు దించడం. ఏ పండక్కో పబ్బానికో కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. బండి మీద వెళ్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో అనండి: "నేను ఎవరికీ ఏదీ రుజువు చేసుకోవాల్సిన పని లేదు. నీ వల్ల నాకు మంచిపేరు రావాలని నేను అనుకోవడం లేదు. నువ్వు ఎలా ఉన్నా ఈ ఇల్లు నీదే." ఒకసారి అంటే పిల్లలు నమ్మరు. మార్కులు తగ్గిన రోజున కూడా మీ మాట మారకపోతే అప్పుడు నమ్ముతారు.

మా పెంపకమే కారణమా?

ఈ ప్రశ్న మిమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వదని తెలుసు. తండ్రి దగ్గర లేకపోవడం వల్లనా? ఆడవాళ్ళ మధ్యే పెరగడం వల్లనా? నేను మళ్ళీ పెళ్ళి చేసుకోవడం వల్లనా? నేనే పద్ధతి తప్పి బతకడం వల్లనా? వీటన్నిటికీ జవాబు ఒకటే: కాదు. ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది ఏ ఒక్క కారణం వల్ల తేలేది కాదనీ, జన్యువులూ, గర్భంలో ఉన్నప్పటి హార్మోన్లూ ఇలా చాలా కలిసి పనిచేస్తాయనీ పరిశోధకులు భావిస్తున్నారు. తండ్రి లేకపోవడమో, తల్లి గారాబమో దీనికి కారణమనడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

ఇది జబ్బూ కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది రోగం కాదని తేల్చి చెప్పింది.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండి, ఎవరూ వేలెత్తి చూపలేని ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలు పుడతారు. దేశంలో ఒక హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి మహిళ జస్టిస్ లీలా సేథ్. ఆమె పెద్ద కొడుకు రచయిత విక్రమ్ సేథ్. స్వలింగ సంబంధాలు మళ్ళీ నేరమంటూ 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, ఎనభై దాటిన వయసులో ఆమె తన కొడుకు గురించి పత్రికలో బాహాటంగా రాశారు. న్యాయమూర్తిగానే కాదు, తల్లిగానూ రాశారు. ఆమె ఇంటికి లోకం దృష్టిలో ఏ లోటూ లేదు. కాబట్టి మీ ఇంటి లోటు వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న మాటకు అర్థం లేదు.

మరి పిల్లల్ని దెబ్బతీసేది ఏమిటి? ఇంట్లోవాళ్ళ తిరస్కారం. అమెరికాలో కైట్లిన్ రయన్ బృందం 2009లో అచ్చు వేసిన అధ్యయనంలో, కౌమారంలో ఇంట్లోవాళ్ళ తిరస్కారం బాగా ఎదుర్కొన్న స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గల యువతీయువకులు, అలాంటి తిరస్కారం అంతగా లేనివాళ్ళకన్నా ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువగా ఆత్మహత్యాప్రయత్నం చేసినట్టు తేలింది. అదే దేశంలో ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2019లో వెలువరించిన సర్వేలో, తమను ఉన్నదున్నట్టు ఒప్పుకునే పెద్దవాళ్ళు కనీసం ఒక్కరున్నా, పిల్లలు ఆత్మహత్యాప్రయత్నం చేయడం 40 శాతం తక్కువగా కనిపించింది.

ఆ ఒక్కరు కన్నతల్లో కన్నతండ్రో అయి తీరాలని లేదు. అమ్మమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, మీరు చేసుకున్న రెండో భర్త కావచ్చు, పదేళ్ళుగా మీ ఇంట్లో మనిషిలా ఉంటున్న మీ స్నేహితురాలు కావచ్చు. బిడ్డ ఎవరి దగ్గర మనసు విప్పుతోందో చూసి, "నాకు చెప్పకుండా ఆవిడకు చెప్పావా" అని నొచ్చుకోకండి. ఆ తలుపు తెరిచి ఉన్నందుకు సంతోషించండి.

చెప్పిన రోజున

పిల్లలు ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ చెప్పరు. మీరు స్కూటీ నడుపుతుంటే వెనక కూర్చుని చెబుతారు. మీరు కూరగాయలు తరుగుతుంటే గుమ్మంలో నిలబడి చెబుతారు. లైట్లు ఆర్పేశాక చెబుతారు. పక్కగదిలోంచి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, మీరు చదివిన గుర్తు పడిందా లేదా అని ఫోన్ వంక చూస్తూ కూర్చుంటారు. మెసేజ్ వస్తే మెసేజ్‌తో సరిపెట్టకండి. లేచి ఆ గదిలోకి వెళ్ళండి.

మొదటి జవాబు చిన్నదిగా ఉండనివ్వండి. "చెప్పి మంచిపని చేశావు. నువ్వు నా బిడ్డవి. నాకు అన్నీ అర్థం కాకపోవచ్చు, నేర్చుకుంటాను." ఇంతే చాలు. "ఎవరు నేర్పారు నీకివన్నీ?", "ఇదంతా ఆ ఫోన్ వల్లే", "ఈ వయసులో అలాగే అనిపిస్తుంది, పోతుందిలే", "ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావు?" లాంటివి నోటిదాకా వచ్చినా ఆపుకోండి.

మీలాంటి ఇళ్ళలో అన్నిటికన్నా లోతుగా గాయపరిచే మాట ఇంకొకటుంది: "మీ నాన్న పెట్టిన కష్టాలు చాలవా, నువ్వు కూడానా?" ఆ ఒక్కమాటతో మిమ్మల్ని బాధపెట్టిన మనిషి పక్కన బిడ్డను నిలబెట్టినట్టవుతుంది. ఆ బిడ్డ ఇన్నాళ్ళూ భయపడుతున్నది సరిగ్గా దానికే. పొరపాటున నోరు జారితే మర్నాడైనా వెళ్ళి, "నిన్న అన్నమాట తప్పు. నీ సంగతి వేరు, ఆయన సంగతి వేరు" అని విడమరిచి చెప్పండి. ఏడుపు వస్తే ఏడవండి, కానీ ఎందుకో చెప్పండి: "లోకం నిన్ను ఏమంటుందోనని భయమేసింది. నీ మీద కోపం కాదు." కారణం చెప్పకపోతే మీ కన్నీళ్ళకు తనే కారణమని బిడ్డ తేల్చేసుకుంటుంది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నిద్ర లేపండి. ఎప్పటిలాగే టిఫిన్ పెట్టండి, ఆలస్యమైతే ఎప్పటిలాగే కేకలేయండి. అతి మర్యాద కూడా పిల్లల్ని దూరం చేస్తుంది. గుచ్చి గుచ్చి అడగకండి. ఇవాళ తమకు తాము గే అనో, లెస్బియన్ అనో ఒక పేరు పెట్టుకున్న పిల్లలు రేపు ఇంకో పేరు పెట్టుకోవచ్చు, ఏ పేరూ వద్దనుకోవచ్చు. "ముందు ఏదో ఒకటి తేల్చుకో" అని తొందరపెట్టకండి.

ట్రాన్స్ పిల్లలైతే వేరే పేరుతో పిలవమని అడగొచ్చు. ఇంట్లో పిలిచి చూడండి. ఎదురుగా మాట్లాడేటప్పుడు "వచ్చావా, తిన్నావా" అంటే సరిపోతుంది. పక్కవాళ్ళతో ఆ బిడ్డ గురించి చెప్పేటప్పుడే వచ్చాడనాలో వచ్చిందనాలో చిక్కు. అది బిడ్డనే అడగండి. ఎవరి ముందు ఎలా అనాలో కూడా అడగండి. జుట్టు పెంచుకోవడం, కత్తిరించుకోవడం, బట్టలు మార్చుకోవడం వల్ల ఒంటికి వచ్చే హాని ఏమీ లేదు. హార్మోన్లు, శస్త్రచికిత్సల మాట వస్తే సొంతంగా ఏ మందూ వాడనివ్వకండి. ఈ విషయం తెలిసిన డాక్టర్ల దగ్గరికి మీరే తోడు వెళ్ళండి.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

ఈ కబురు బిడ్డది. ఎవరికి ఎప్పుడు చెప్పాలో బిడ్డే నిర్ణయించుకోవాలి. అక్కకు మాత్రమే చెప్పాననుకుంటారు, వారం తిరక్కుండా బావగారికీ తోడికోడళ్ళకూ తెలిసిపోతుంది. "ఇంకెవరికైనా తెలుసా? నేను ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చా?" అని ముందు బిడ్డను అడగండి.

విడిపోయిన దంపతులైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగవు కోర్టులో నడుస్తుంటే ఈ సంగతిని అవతలివాళ్ళు ఆయుధంగా వాడుకునే ప్రమాదం ఉంది. ఆ భయం ఉంటే ముందుగా మీ వకీలుతో మాట్లాడండి. అయితే మీరూ దాన్ని ఆయుధం చేసుకోకండి. "వాళ్ళ నాన్నకు తెలిస్తే గుండె ఆగుతుంది" అన్నమాట సరదాకు కూడా వద్దు. మీకు మంచి భర్త కాలేకపోయిన మనిషి ఈ ఒక్క విషయంలో మంచి తండ్రి కావచ్చు. చెప్పాలో వద్దో బిడ్డ తేల్చుకోవాలి.

సవతి తండ్రి, సవతి తల్లి ఉన్న ఇంట్లో కొత్తగా వచ్చినవాళ్ళు ముందు వినేవాళ్ళుగా ఉండాలి. బుద్ధులు చెప్పే పనికి పూనుకోకూడదు. తల్లీ తండ్రీ గల్ఫ్‌లో ఉండి బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే, వీడియో కాల్‌లో ఈ మాట ఎత్తేముందు అటువైపు గదిలో ఇంకెవరున్నారో కనుక్కోండి. నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకునే చోట స్పీకర్ ఆన్ చేసి ఉంటే, బిడ్డ గుట్టు ఊళ్ళోకి చేరడానికి ఒక్క పూట చాలు.

బంధువుల మాటలకు జవాబు

మియాపూర్ ఇంట్లో ఆ తల్లి మరోలా చెప్పి ఉండొచ్చు. "అన్నయ్యా, వాడు అప్పడాలు వేయిస్తే తప్పేముంది? వాడి గురించి నా ఎదుట అలా మాట్లాడకు." అంతే. కొడుకు ఎంత తెలివైనవాడో చెప్పక్కర్లేదు. తెలివైనవాడు కాకపోయినా ఆ మాట అనడం తప్పే కదా.

పిల్లలు మీ ముఖాన్ని చదువుతూ ఉంటారు. టీవీలో ఆడంగి నడకతో ఒక పాత్ర వచ్చి, పక్కనున్న హీరో ఒళ్ళు జలదరించినట్టు ముఖం పెట్టి, హాలంతా నవ్వే సన్నివేశాలు మన సినిమాల్లో కొల్లలు. ఆ క్షణాన మీరు నవ్వారా లేదా అన్నది మీ బిడ్డ గుర్తు పెట్టుకుంటుంది. "ఇందులో నవ్వడానికి ఏముందో" అని మీరు ఛానెల్ మారిస్తే, చెప్పొచ్చన్న ధైర్యం అక్కడ మొదలవుతుంది.

ఆడపిల్లల విషయంలో తొందరపాటు ఇంకో రకంగా ఉంటుంది. స్నేహితురాలితో చనువు చూసి అనుమానం రాగానే ఫోన్ లాక్కోవడం, కాలేజీ మాన్పించడం, హడావుడిగా సంబంధాలు చూడటం. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అని మగపిల్లలకూ చెబుతారు. మనసు లేని పెళ్ళిలో ఇద్దరి బతుకులు నలిగిపోతాయి. నలిగిన పెళ్ళిలోంచి బయటికొచ్చి మీ కాళ్ళ మీద మీరు నిలబడ్డవాళ్ళయితే, ఆ సంగతి మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మీరు తప్పించుకొచ్చిన చోటికి మీ బిడ్డనూ, ముక్కూముఖం తెలియని ఇంకో ఇంటి బిడ్డనూ పంపకండి.

మార్చేస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి

తాయెత్తులు, దిష్టి తీయడాలు, పూజలు, నిద్రమాత్రలు, కరెంటు షాకులు. మార్చేస్తామని చెప్పి డబ్బు గుంజేవాళ్ళు అన్ని వేషాల్లోనూ ఉన్నారు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి మార్పిడి చికిత్సలను నిషేధించాలని ఆదేశించారు. ఆ కేసు విచారిస్తూ, తనకే ఈ విషయాలు సరిగ్గా తెలియవని ఒప్పుకుని, ఆయన ఒక మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు న్యాయమూర్తే అంత మాట ఒప్పుకున్నాక, మనకు తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్, ఇలాంటి చికిత్స చేయడం వైద్యవృత్తిలో దుష్ప్రవర్తన కిందికి వస్తుందని తేల్చింది.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న మీరే అడగండి: "మీరు మా బిడ్డను మార్చాలని చూస్తారా, తన కాళ్ళ మీద నిలబడేలా సాయం చేస్తారా?" మారుస్తామంటే లేచి వచ్చేయండి. డాక్టరు దొరకని ఊళ్ళో ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డ నిద్రాహారాలు మానేసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" అన్నమాట నోట వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

హాస్టలు, ఫోను

మన పిల్లలకు పదహారేళ్ళొచ్చేసరికి ఇంటర్ హాస్టలు సిద్ధంగా ఉంటుంది. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు, వరసగా మంచాలు, ఆదివారం అయిదు నిమిషాల ఫోను. నడకనో గొంతునో పట్టుకుని పేర్లు పెట్టి ఏడిపించే గుంపుతో ఇరవై నాలుగ్గంటలూ ఒకే గదిలో ఉండటమంటే పిల్లలకు నరకం. చేర్పించే ముందు, ఇంటికి వచ్చి వెళ్తూ చదువుకునే వీలుందేమో చూడండి. హాస్టలు తప్పదంటే, ఫోన్‌లో అందరి ముందూ చెప్పుకోలేని కష్టం వచ్చినప్పుడు వాడటానికి ఒక గుర్తుమాట అనుకోండి. ఆ మాట వినబడగానే కారణం అడక్కుండా బయల్దేరి వెళ్ళండి. డిగ్రీ, ఇంజనీరింగ్‌లకు వెళ్ళాక యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు అండగా ఉంటాయి. 2016లో చేసిన సవరణతో, లైంగికత, జెండర్ కారణంగా తోటి విద్యార్థిని వేధించడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తుంది.

ఇంట్లో చెప్పుకోలేని పిల్లలు తోడు కోసం ఫోన్‌లో వెతుకుతారు. వయసు ఎక్కువ చెప్పి డేటింగ్ యాప్‌లలో చేరతారు. అక్కడ ఫోటోలు తీసుకుని, "మీ అమ్మకు పంపిస్తా" అని డబ్బు లాగే ముఠాలు కాచుకుని ఉంటాయి. ఆ బెదిరింపు పనిచేసేది అమ్మకు తెలియనంత వరకే. అందుకని ముందే చెప్పి ఉంచండి: "ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకు, మెసేజ్‌లు చెరపకు, నా దగ్గరికి రా. నేను తిట్టను." సైబర్ నేరాలకు 1930, పిల్లల ఆపదలకు 1098 నంబర్లు ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. 18 ఏళ్ళు నిండని వాళ్ళతో లైంగిక సంబంధం ఇష్టపూర్వకమైనా నేరమేనన్న సంగతి కూడా పిల్లలకు భయపెట్టకుండా తెలియజేయండి.

మీ బాధ ఎక్కడ చెప్పుకోవాలి

మీకూ దుఃఖం ఉంటుంది. కోడలు, మనవలు అంటూ కట్టుకున్న ఊహలు కూలిపోయినట్టనిపిస్తుంది. ఆ దుఃఖం తప్పు కాదు. దాన్ని బిడ్డ ముందు కాకుండా, ఇదే దారిలో నడిచిన ఇంకో తల్లి ముందో తండ్రి ముందో పెట్టుకోండి. 1972లో న్యూయార్క్‌లో జీన్ మన్‌ఫర్డ్ అనే బడిపంతులమ్మ, గే అయిన తన కొడుకు పక్కన గే హక్కుల ఊరేగింపులో నడిచింది. అది చూసి ఎంతోమంది పిల్లలు, మా అమ్మతో కూడా మాట్లాడవా అని ఆమెను వేడుకున్నారు. మరుసటి ఏడాది ఒక చర్చిలో మొదలైన తల్లిదండ్రుల సమావేశం అమెరికా అంతటా పాకింది. మన దేశంలో "స్వీకార్" అనే తల్లిదండ్రుల బృందం అదే పని చేస్తోంది.

ఇల్లు మూసేస్తే ఏమవుతుందో మనకు కొత్త కాదు. తరతరాలుగా ఎందరో ట్రాన్స్ పిల్లలు కౌమారంలోనే ఇల్లు విడిచి హిజ్రా సమూహాల్లో చేరారు. అక్కడ గురువు, చేలా (శిష్యురాలు) అంటూ వరసలు కలుపుకుని కొత్త కుటుంబం కట్టుకున్నారు. ఆ కుటుంబాలు ఎందరికో ప్రాణం పోశాయి. కానీ కన్నవాళ్ళు పొమ్మనడం వల్ల అక్కడికి వెళ్ళాల్సిన అవసరం ఏ బిడ్డకూ రాకూడదు.

చట్టం మీ వైపు ఎంతవరకు ఉంది?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. పెళ్ళి హక్కు మాత్రం ఇంకా రాలేదు. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో, అభయ్ జంట ముందు నిలిచిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ హక్కును ఇవ్వలేదు. అయినా కలిసి బతికే స్వేచ్ఛను కోర్టులు కాపాడుతూనే ఉన్నాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తల్లిదండ్రులు నిర్బంధించిన ఒక యువతిని తన సహచరితో కలిసి ఉండనిచ్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు అలాంటి కేసులోనే, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే దారి కాదంది.

మీరు తప్పక తెలుసుకోవాల్సిన తీర్పు మరొకటుంది. చండీగఢ్‌లో ఒక నర్సుకు ప్రసూతి సెలవు ఇవ్వలేదు. భర్త మొదటి పెళ్ళి పిల్లలిద్దరి కోసం ఆమె అప్పటికే పిల్లల సంరక్షణ సెలవు వాడుకుందన్నది కారణం. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఒంటరి తల్లిదండ్రులు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళు, పెళ్ళి లేకుండా కలిసి ఉన్నవాళ్ళు, క్వీర్ జంటలు, వీళ్ళవన్నీ కుటుంబాలేననీ, చట్టం రక్షణ వాటికీ అందాలనీ ఆ తీర్పులో చెప్పింది. మీ ఇంటిని గురించీ, రేపు మీ బిడ్డ కట్టుకోబోయే ఇంటిని గురించీ న్యాయమూర్తులు ఒకే ఊపిరిలో మాట్లాడారు.

అది యాదృచ్ఛికం కాదు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయాన్ని దాటి మీ ఇంటిని మీరు నిలబెట్టుకున్నారు. అందుకు చెల్లించాల్సిన మూల్యం ఎప్పుడో చెల్లించారు. బిడ్డ ఇప్పుడు అడుగుతున్నదీ ఆ స్వేచ్ఛే: తన మనసుకు అబద్ధం చెప్పకుండా బతకనివ్వమని. దాన్ని అర్థం చేసుకోవడానికి మీకన్నా అర్హులు ఎవరున్నారు? బిడ్డ వచ్చి చెప్పేదాకా ఆగకండి. ఈ వారంలోనే, పనులన్నీ తెమిలిన ఒక రాత్రి, ఎవరో బంధువు అన్నమాట తలుచుకుని మీరే మొదలుపెట్టండి: "నాకోసం నువ్వు ఏదీ దాచుకోనక్కర్లేదు. నేను తట్టుకోగలను."